మానడం నాలుగుసార్లు, నిలబడింది ఒక్కసారి

సంపాదకుల వారికి నమస్కారం.

నమిలే పొగాకు మీద మీ పత్రికలో ఈమధ్య వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి బాగుందనిపించింది. రెండోసారి చదువుతుంటే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను, అప్పటి నుంచి అది నన్ను వదలడం లేదు. "సంకల్పం ఉంటే చాలు, ఎంత పాత అలవాటైనా పోతుంది" అని రాశారు. మంచి ఉద్దేశంతోనే రాశారని తెలుసు. కానీ 22 ఏళ్ళు పొగాకు నమిలి, నాలుగుసార్లు మాని, అందులో మూడుసార్లు మళ్ళీ మొదలుపెట్టి, ఇప్పటికి ఏడేళ్ళుగా దూరంగా ఉంటున్నవాడిగా చెబుతున్నాను, ఆ మాట వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. మాని మళ్ళీ మొదలుపెట్టినవాడు అది చదివి ఏమనుకుంటాడు? నాకు సంకల్పం లేదు, నా వల్ల కాదు, నేనింతే అనుకుంటాడు. నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకున్న ప్రతిసారీ ఇంకో ఏడాదో రెండేళ్ళో పొగాకు దగ్గరే ఉండిపోయాను.

క్యాన్సర్ గురించి మీరు వివరంగా రాశారు, ఫొటోలు కూడా వేశారు, అందుకని దాన్ని మళ్ళీ చెప్పను. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ నమిలే పొగాకును మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైన వాటి జాబితాలో పెట్టింది, నోటికి, అన్నవాహికకు, క్లోమానికి వచ్చే క్యాన్సర్లను దానికి ముడిపెట్టింది. నమిలేవాళ్ళలో చాలామందికి ఈ సంగతి ఎంతోకొంత తెలుసు. నాకూ తెలుసు. తెలిసీ నమిలాను. భయం వల్ల నేను మూడుసార్లు మానాను, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ భయం పదకొండో నెలదాకా కాపలా కాయదు. మీ వ్యాసంలో లేనిది ఆ పదకొండో నెల సంగతి, ఈ ఉత్తరం దాని కోసమే రాస్తున్నాను.

మొదటిసారి మానింది మూడు రోజులు. రెండోసారి 40 రోజులు. మూడోసారి 11 నెలలు. అప్పటికి నేను గెలిచాననే అనుకున్నాను, ఇంట్లోవాళ్ళూ అలాగే అనుకున్నారు, మా పెద్దమ్మాయి తన స్నేహితులకి "మా నాన్న మానేశాడు" అని చెప్పుకునేది.

మొదటి వారం ఎలా ఉంటుందో నమిలినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నోట్లో ఏదో వెలితి, దవడ పీకుతున్నట్టు ఉండడం, ఊరికే కోపం, రాత్రి నిద్ర పట్టకపోవడం, నిద్రపోయినా రెండు గంటలకోసారి లేవడం, చేస్తున్న పని మీద మనసు నిలవకపోవడం, కనిపించినదల్లా తినాలనిపించడం. ఇదంతా రోగం కాదు, శరీరం సర్దుకుంటోంది. పొగాకు బుగ్గన పెట్టుకున్నప్పుడు నికోటిన్ నోటి లోపలి పల్చటి పొర గుండా నేరుగా రక్తంలోకి వెళ్తుంది. సున్నం కలిపితే ఇంకా తేలిగ్గా వెళ్తుంది, ఎందుకంటే ఆ క్షారం నికోటిన్‌ని పొర దాటగలిగే రూపంలోకి మారుస్తుంది. సిగరెట్టు కొద్ది నిమిషాల్లో కాలిపోతుంది, ఇది అరగంటో గంటో బుగ్గనే ఉంటుంది, అంతసేపూ నికోటిన్ దిగుతూనే ఉంటుంది. "నేను పొగ తాగడం లేదు కదా, నమలడమే కదా" అని నేను కూడా ఏళ్ళ తరబడి అన్నాను. ఊపిరితిత్తుల సంగతి వేరు గానీ, నికోటిన్‌కి బానిస కావడంలో నమిలేవాడు తాగేవాడికి ఏమాత్రం తీసిపోడు.

మరి ఆ నికోటిన్ ఒంట్లో ఎన్నాళ్ళుంటుంది? రక్తంలో అది సుమారు 2 గంటలకోసారి సగానికి పడిపోతుంది. మూడు రోజులు గడిచేసరికి దాదాపు ఏమీ మిగలదు. అందుకే మొదటి మూడు నాలుగు రోజులే అన్నిటికంటే కష్టంగా ఉంటాయి, తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో ఆ చిరాకు, నిద్రలేమి తగ్గుముఖం పడతాయి. నికోటిన్ కోసం మెదడులో పెరిగిన గ్రాహకాలు, అంటే అది వచ్చి కూర్చునే చోట్లు కూడా, సిగరెట్టు మానినవాళ్ళ మెదళ్ళను స్కాన్ చేసి చూసిన పరిశోధనల ప్రకారం, 6 నుంచి 12 వారాల్లో మామూలు స్థాయికి వచ్చేస్తాయి.

అంటే మూడు నెలలు దాటితే శరీరం అడగడం చాలావరకు ఆపేస్తుంది. మరి నేను 11 నెలల తర్వాత ఎందుకు పడ్డాను?

మా తమ్ముడికి యాక్సిడెంట్ అయింది. ఆసుపత్రిలో ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని ఉన్నాను. రాత్రి రెండు దాటింది. డాక్టరు ఏమీ గట్టిగా చెప్పడం లేదు, పొద్దున చూద్దాం అంటున్నాడు. నా పక్క కుర్చీలో ఇంకెవరి కోసమో వచ్చిన అతను, నాలాగే నిద్ర లేని మనిషి, అరచేతిలో పొగాకు నలపడం మొదలుపెట్టాడు. ఆ నలిపే చప్పుడు చాలా చిన్నది, కానీ నాకు స్పష్టంగా వినిపించింది. తర్వాత వాసన వచ్చింది. అతను నా వైపు చూసి "అన్నా, వేసుకుంటావా?" అన్నాడు. అతని తప్పేం లేదు, కష్టంలో ఉన్న మనిషి పక్కవాడికి తన దగ్గరున్నది ఇవ్వబోయాడు. నేను వద్దు అనలేదు. ఆలోచించాను అని కూడా చెప్పలేను. చెయ్యి చాపాను.

వేసుకున్న నిమిషానికే తల తిరిగింది, ఎక్కిళ్ళు వచ్చాయి, కడుపులో తిప్పింది. 11 నెలల్లో నా ఒళ్ళు దాన్ని అంతగా మర్చిపోయింది. ఆ తల తిరగడమే నాకు సరిపోవాల్సింది. కానీ తెల్లవారుతుండగా నేనే లేచి అతని దగ్గరికి వెళ్ళి ఇంకో చిటికెడు అడిగాను. నాలుగో రోజున సొంతంగా కొనుక్కున్నాను. పదో రోజుకి పాత లెక్కకి వచ్చేశాను. మా తమ్ముడు మూడు వారాలకి కోలుకుని ఇంటికొచ్చాడు. నా అలవాటు మాత్రం ఇంకో రెండేళ్ళు నాతోనే ఉంది.

ఆ రెండేళ్ళలో మొదటి నాలుగు నెలలు ఇంట్లో దాచాను. బయట వేసుకోవడం, ఉమ్మేసి నోరు కడుక్కోవడం, తర్వాత ఏదో ఒకటి నమిలి ఇంటికి రావడం. మా అమ్మాయి ఆ నాలుగు నెలలూ తన స్నేహితులకి అదే మాట చెబుతూ ఉంది. పొగాకు వల్ల నా చిగుళ్ళు పోయాయి, రెండు పళ్ళు పోయాయి, వాటికంటే ఆ నాలుగు నెలల అబద్ధమే నాకు ఇప్పటికీ ఎక్కువ బాధ.

ఇప్పుడు ఆ రాత్రిని తలుచుకుంటే నాకు అర్థమైంది ఇది. 11 నెలల తర్వాత నన్ను పట్టుకున్నది నికోటిన్ కాదు, జ్ఞాపకం. 22 ఏళ్ళలో నాకు టెన్షన్ వచ్చిన ప్రతిసారీ, ఎదురుచూడాల్సి వచ్చిన ప్రతిసారీ, రాత్రి మేలుకోవాల్సి వచ్చిన ప్రతిసారీ పొగాకు వేసుకున్నాను. కొన్ని వేలసార్లు నేర్పిన పాఠం అది. మామూలు రోజుల్లో మానడం ఆ 11 నెలల్లో నేర్చుకున్నాను, కానీ ఐసీయూ బయట రాత్రి రెండు గంటలకి ఎలా ఉండాలో నేర్చుకునే సందర్భమే రాలేదు. ఆ పరిస్థితి మొదటిసారి వచ్చింది, నా దగ్గర పాత జవాబు తప్ప ఇంకొకటి లేదు. దీనికి సంకల్పం లేకపోవడం అని పేరు పెట్టడం అన్యాయం.

మానినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక పని చేయండి. మీ చేయి పొగాకు వైపు ఎప్పుడెప్పుడు వెళ్ళేదో, ఇప్పటిదాకా రాని సందర్భాలు కూడా కలిపి, కాగితం మీద రాసుకోండి. రోజూ వచ్చేవి ఎవరైనా రాస్తారు. ఏడాదికోసారో రెండేళ్ళకోసారో వచ్చేవే ముఖ్యం. చావు కబురు, ఆసుపత్రి, ఉద్యోగం పోవడం, ఇంట్లో పెద్ద గొడవ, చాలా దూరం రాత్రి ప్రయాణం, పాత స్నేహితులందరూ కలిసిన రోజు. సంతోషం కూడా రాయండి, అదీ తక్కువది కాదు. ఒక్కోదాని ఎదురుగా, ఆ రోజు వస్తే ఎవరికి ఫోన్ చేస్తాను, నోట్లో ఏం పెట్టుకుంటాను, ఎక్కడికి లేచి వెళ్తాను అని ముందే రాసిపెట్టుకోండి. కోరిక వచ్చినప్పుడు ఆలోచించడం కుదరదు, అప్పుడు బుర్ర పనిచేయదు. కోరిక ఒకసారి వస్తే చాలావరకు కొద్ది నిమిషాల్లోనే దిగిపోతుంది, ఆ కొద్ది నిమిషాలు కాళ్ళకి చేతులకి ఏదో ఒక పని ఉండాలి. నాకు లేచి నడవడం పనికొచ్చింది. కూర్చుని ఓర్చుకోవడం ఎప్పుడూ పనికిరాలేదు.

ఇక "ఒక్కసారే" అన్న మాట. మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళు ఎవరిని కదిలించినా ఈ మాటే చెబుతారు. ఒక్కటే వేసుకున్నాను అంటారు. నిజంగానే ఒక్కటే అనుకుని వేసుకుంటారు, అబద్ధం కాదు. కానీ ఆ ఒక్కటి వేసుకున్నాక మనసులో జరిగేదాని గురించి అలన్ మార్లట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త చాలా ఏళ్ళు పరిశోధించాడు. ఆయన చెప్పినదాంట్లో నాకు బాగా తగిలింది ఏమిటంటే, ఒకసారి కాలు జారడం వేరు, మొత్తం పడిపోవడం వేరు, ఆ రెంటికీ మధ్య మనిషి తన గురించి తాను అనుకునే మాట ఒకటి ఉంటుంది. "అయిపోయింది, చెడగొట్టుకున్నాను, నేను బలహీనుణ్ణి, ఇంకెందుకు" అనుకున్నవాడు రెండోది వేసుకుంటాడు. "ఆ పరిస్థితిలో జారాను, మళ్ళీ అలాంటిది వస్తే ఇలా చేస్తాను" అనుకున్నవాడికి లేచి నిలబడే అవకాశం ఎక్కువ. ఆ తెల్లవారుజామున నేను అడిగి తీసుకున్న రెండో చిటికెడు నికోటిన్ కోసం కాదు. "ఎలాగూ చెడింది కదా" అన్న మాట కోసం.

అందుకే రోజులు లెక్కపెట్టుకోవడం మీద నాకు అంత మంచి అభిప్రాయం లేదు. కొందరికి పనికొస్తుందేమో, కాదనను. నాకు మాత్రం ఆ లెక్క ఎంత పెరిగితే అంత ప్రమాదమైంది. 330 రోజులు అని గర్వంగా చెప్పుకున్నవాడికి ఒక్క చిటికెడుతో అది సున్నా అయిపోతే, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టే ఓపిక ఎక్కడ నుంచి వస్తుంది? నిజానికి ఆ 330 రోజులూ ఎక్కడికీ పోలేదు. ఆ రోజులన్నీ నా నోటికి విశ్రాంతి దొరికింది, ఆ రోజులన్నీ నేను మానడం నేర్చుకున్నాను. ఇది నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు.

నాలుగోసారి మానినప్పుడు కూడా ఒకసారి జారాను, ఇక్కడ దాచదలుచుకోలేదు. అయిదో నెలలో, పనిలో పెద్ద మాట పడిన రోజు, తోటివాడి పొట్లంలోంచి తీసి వేసుకున్నాను. రెండు నిమిషాలకి ఉమ్మేశాను, నోరు కడుక్కున్నాను, బయటికి నడిచాను, ఆ రాత్రే మా ఆవిడకి చెప్పాను. తను కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "రేపు ఆ మనిషి పక్కన కూర్చోకు" అంది, అంతే. తర్వాతి రోజు వేసుకోలేదు, ఆ తర్వాత ఇప్పటిదాకా వేసుకోలేదు. అయితే నీ ఏడేళ్ళు ఆ రోజు నుంచి లెక్కపెట్టాలి అని ఒకాయన నాతో అన్నాడు. నేను అలా లెక్కపెట్టను. ఆ రోజు నేను రెండోది వేసుకోలేదు, నా మటుకు నాకు ఈ ఏడేళ్ళలో అన్నిటికంటే పెద్ద రోజు అదే.

ఇప్పుడు మందుల సంగతి. రెండోసారి మానేముందు ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నా నోట్లో టార్చి వేసి చూసి "మానెయ్, లేకపోతే క్యాన్సర్ వస్తుంది" అని చెప్పి తర్వాతి మనిషిని పిలిచాడు. ఎలా మానాలో అడుగుదామని వెళ్ళినవాణ్ణి, అడగకుండానే బయటికొచ్చాను. మూడోసారి, మానేవాళ్ళు పొగాకు బదులు వాడే నికోటిన్ గమ్ నేనే కొనుక్కుని మామూలు చూయింగ్ గమ్ నమిలినట్టు గబగబా నమిలాను, గొంతు మండింది, ఎక్కిళ్ళు, కడుపులో మంట, రెండు రోజులకే పక్కన పెట్టేశాను. దాన్ని అలా నమలకూడదట. మెల్లగా కొన్నిసార్లు నమిలి, కారంగానో చురుక్కుమన్నట్టో అనిపించగానే ఆపి చిగురుకీ బుగ్గకీ మధ్య ఉంచాలి, ఆ చురుకు తగ్గాక మళ్ళీ కొంచెం నమలాలి, అలా అరగంట. వేసుకునే ముందు 15 నిమిషాలు, నోట్లో ఉన్నంతసేపు ఏమీ తాగకూడదు, ముఖ్యంగా పుల్లటివి, ఎందుకంటే పులుపు ఉంటే నికోటిన్ నోటి పొర గుండా సరిగా దిగదు. 2 మిల్లీగ్రాములది, 4 మిల్లీగ్రాములది ఉంటాయి, ఎవరికి ఏది అన్నది వాడకాన్ని బట్టి డాక్టరో ఫార్మసిస్టో చెప్పాలి. ఇదంతా నాకు తర్వాత ఒక పళ్ళ డాక్టరమ్మ చెప్పింది, పది నిమిషాలు పట్టింది ఆవిడకి. ఆ పది నిమిషాలు ముందే ఎవరైనా ఇచ్చి ఉంటే నా మూడో ప్రయత్నం మొదట్లో అంత నరకం అయ్యేది కాదు.

నాలుగోసారి ఆవిడే ఇంకో డాక్టరు దగ్గరికి పంపింది, ఆయన వరెనిక్లిన్ అనే మాత్రలు రాశాడు. మానే రోజుకి ఒక వారం ముందే చిన్న డోసుతో మొదలుపెట్టి, మామూలుగా 12 వారాలు వాడతారు. అది మెదడులో నికోటిన్ కూర్చునే చోటే కూర్చుని కోరికని తగ్గిస్తుంది, మధ్యలో పొగాకు వేసుకున్నా పాత మజా ఉండదు. నాకు మొదట్లో వికారం వచ్చింది, తిన్నాక వేసుకుంటే తగ్గింది, విచిత్రమైన కలలు వచ్చాయి. అందరికీ పడకపోవచ్చు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి డోసు మార్చాల్సి ఉంటుంది, కాబట్టి డాక్టరు రాయకుండా ఎవరూ సొంతంగా వాడొద్దు. మాత్రలతో పాటు ఒక కౌన్సిలర్‌తో మాట్లాడమన్నారు. నాకు దానిమీద నమ్మకం లేదు, మాటలతో ఏమవుతుంది అనుకున్నాను. మందుతో కోరిక తగ్గింది. కానీ పైన చెప్పిన కాగితం రాయించింది ఆ కౌన్సిలరే, మందు అయిపోయాక నన్ను నిలబెట్టింది ఆ కాగితమే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జులైలో పెద్దవాళ్ళు పొగాకు మానడానికి చేయాల్సిన చికిత్స మీద మొదటిసారిగా మార్గదర్శకాలు విడుదల చేసింది, అందులో నమిలేవాళ్ళని కూడా కలిపింది. ప్రపంచంలో పొగాకు వాడే 125 కోట్ల మందిలో 60 శాతానికి పైగా, అంటే 75 కోట్లకు పైగా మానాలని కోరుకుంటున్నారని, వాడేవాళ్ళలో 70 శాతం మందికి సరైన సాయం అందుబాటులో లేదని అదే సందర్భంలో చెప్పింది. 75 కోట్ల మంది మానాలనే అనుకుంటున్నారండీ. ఇంతమందికి లేనిది సంకల్పం అని నేను నమ్మను.

మానాక చాలామంది చేసే ఒక పొరపాటు గురించి కూడా చెప్పాలి. పొగాకు బదులు వక్క నమలడం. పొగాకు లేదు కదా అని ధైర్యం. వక్క ఒక్కటే అయినా క్యాన్సర్ కారకమని మొదట్లో చెప్పిన ఆ క్యాన్సర్ పరిశోధన సంస్థే తేల్చింది, పైగా నోటి లోపలి చర్మం గట్టిపడి నోరు తెరుచుకోకుండా పోయే జబ్బు దానివల్లే వస్తుంది. ఇంకొకటి, పొగాకు ఆకు లేకుండా నికోటిన్ మాత్రమే ఉండే చిన్న సంచులు వస్తున్నాయి, బుగ్గన పెట్టుకునేవి. డాక్టరు ఇచ్చే గమ్‌కి ఒక కొలత, ఒక ముగింపు తేదీ ఉంటాయి, వీటికి అవి లేవు. చేయి అదే కదలిక, బుగ్గ అదే చోటు, నికోటిన్ అదే. నా అనుభవంలో ఆ కదలిక బతికి ఉన్నంతకాలం అలవాటు సగం బతికి ఉన్నట్టే. నేను బుగ్గన ఏమీ పెట్టుకోకుండా ఉండడం నేర్చుకోవడానికి దాదాపు ఏడాది పట్టింది. మొదట్లో నీళ్ళ సీసా చేతిలోనే ఉండేది, గుక్కలు గుక్కలుగా తాగుతూ ఉండేవాణ్ణి.

ఇంట్లోవాళ్ళకి ఒక మాట. మూడోసారి నేను మానినప్పుడు ఇంట్లో నన్ను అనుమానంగా చూసేవాళ్ళు, నోటి దగ్గర వాసన చూసేవాళ్ళు, జేబులు వెతికేవాళ్ళు. వాళ్ళ భయం నాకు అర్థమైంది, కానీ అలా వెతికే ఇంట్లో జారిన మాట ఎవడు చెబుతాడు? దాస్తాడు. దాచినవాడికి సాయం అందదు. నాలుగోసారి మా ఆవిడ అడిగే ప్రశ్న మార్చింది. "వేసుకున్నావా?" అని అడగడం మానేసి "ఇవాళ ఎలా ఉంది?" అని అడిగేది. మొదటిదానికి లేదు అంటే అయిపోతుంది. రెండోదానికి కాసేపు మాట్లాడాలి. రోజూ పడుకునే ముందు ఆ కాసేపు మాట్లాడడం వల్లే అయిదో నెలలో ఆ రాత్రి నేను నిజం చెప్పగలిగాను.

కలల గురించి కూడా రాస్తున్నాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ ముందు చెప్పరు, వచ్చినప్పుడు మనిషి హడలిపోతాడు. మానిన ఏడాదికీ, మూడేళ్ళకీ కూడా నాకు పొగాకు వేసుకున్నట్టు కల వచ్చింది. మెలకువ వచ్చాక నోట్లో రుచి ఉన్నట్టే ఉంటుంది, నిజంగా వేసుకున్నానా అని గుండె దడ. మానినవాళ్ళలో ఇది చాలామందికి వస్తుంది. కల వచ్చిందంటే మళ్ళీ మొదలవబోతోందని అర్థం కాదు. మొదటిసారి వచ్చినప్పుడు నేను పొద్దున్నంతా నేరం చేసినవాడిలా తిరిగాను, తర్వాత తెలిసింది కాబట్టి ఇప్పుడు లేచి మంచినీళ్ళు తాగి పడుకుంటాను.

మానేశాం కదా అని నోటిని చూసుకోవడం మానొద్దు. నా బుగ్గ లోపల పొగాకు పెట్టే చోట తెల్లటి మచ్చ ఉండేది. పొగాకు ఆపేస్తే ఇలాంటి మచ్చలు చాలామందిలో కొన్ని వారాల్లో పల్చబడతాయి లేదా పోతాయి, నాది పోయింది. పోకపోతే, ఎర్రగా మారితే, గట్టిగా తగిలితే, లేదా ఏ పుండైనా రెండు వారాలకి మానకపోతే వెంటనే చూపించుకోవాలి. కిందికి దిగిపోయిన చిగురు మాత్రం మళ్ళీ తనంతట తాను పైకి రాదు, నాకు రాలేదు. ఆరు నెలలకోసారి పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్తాను, నెలకోసారి అద్దం ముందు నిలబడి బుగ్గలు, నాలుక కింద, పెదవి లోపల నేనే చూసుకుంటాను. రెండు నిమిషాల పని.

చివరగా మీకు నా విన్నపం. ప్రతి ఏడూ మే 31న పొగాకు వ్యతిరేక దినం వస్తుంది, ఆ రోజు పత్రికల్లో పొగాకు మానండి అని వస్తుంది, మంచిదే. ఆ రోజు చదివి మానినవాడికి ఆగస్టులో మూడో నెల వస్తుంది, నవంబరులో ఆరో నెల వస్తుంది. అప్పుడు అతనికి చదవడానికి ఏమీ ఉండదు. ఆగస్టులో ఒకటి, నవంబరులో ఒకటి, వచ్చే ఏప్రిల్‌లో ఒకటి వేయండి. మానడానికి సాయం చేసే డాక్టర్ల చేత, కౌన్సిలర్ల చేత రాయించండి, మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ మానినవాళ్ళ చేత కూడా రాయించండి. వాళ్ళు చాలామంది ఉన్నారు, సిగ్గుపడి మాట్లాడరు, అంతే.

ఈ ఉత్తరం చాలా పెద్దదైందని తెలుసు, మీకున్న స్థలాన్ని బట్టి కుదించుకోండి. మందుల గురించిన భాగం వేసేముందు ఒక డాక్టరుకి చూపిస్తే మంచిది. నా పేరు వేయొద్దు, మా అమ్మాయికి పెళ్ళైంది, అత్తగారింట్లో ఉంది. ఏది తీసేసినా ఐసీయూ బయట రాత్రి సంగతి, అయిదో నెలలో జారిన సంగతి మాత్రం తీసేయకండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు